తాతల భూమిలో పెద్దల తోట: స్థలం చూడడం నుంచి మూడో వేసవి వరకు

ఊళ్లో పొలం ఉంది, ఉండేది విశాఖలోనో హైదరాబాద్‌లోనో. ఏడాదికోసారి పెద్ద పండగకు, అంటే సంక్రాంతికి, వస్తారు. పెద్దలను మట్టి చేసిన చోటో, తాత కట్టించిన సమాధో ముళ్లకంపల్లో కనిపించకుండా పోయింది. అక్కడ నాలుగు చెట్లు, కొన్ని పూలమొక్కలు, కూర్చోవడానికి ఓ అరుగు ఉంటే బాగుంటుందని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లలో అనుకుంటారు. ఎలా మొదలుపెట్టాలో చెప్పేవాళ్లే తక్కువ.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు, రెండో వేసవిలో వారానికి ఒకసారి నీళ్లు ఎవరు పోస్తారు? దానికి ఒక మనిషి పేరు చెప్పగలిగితే మిగతాదంతా పని. చెప్పలేకపోతే ఎంత మంచి మొక్కలు తెచ్చినా ఏప్రిల్ నాటికి పుల్లలే మిగులుతాయి. కింద చెప్పిన కొలతలన్నీ ఈ ప్రశ్నను దృష్టిలో పెట్టుకుని వేసినవే.

## 1. కాగితాలు, అన్నదమ్ముల మాట

చెట్టు నాటాక వాటా తగాదా వస్తే మొదట పోయేది చెట్టే. అందుకే పార పట్టుకునే ముందు కాగితం చూడాలి.

- అడంగల్ (సాగు వివరాల లెక్క), 1బి (భూ యజమానుల ఖాతా) తీసి సర్వే నంబరు, విస్తీర్ణం, ఎవరి పేరున ఉందో చూసుకోండి. ఇంకా తాత పేరే ఉంటే ముందు మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించండి.
- గట్లు చెరిగిపోయి ఉంటే గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టి సర్వేయర్‌తో కొలిపించి రాళ్లు వేయించండి. పక్క రైతు ఎదురుగా ఉన్నప్పుడే కొలిపించాలి.
- పంపకాలు ఇంకా కాకపోతే తోటకు వదిలే ముక్కను పంపకాల దస్తావేజులో ఉమ్మడిగా ఉంచండి. చెక్కుబందీతో, అంటే నాలుగు వైపులా హద్దులతో పాటు అక్కడికి వెళ్లే దారి హక్కు కూడా రాయించాలి. దారి రాయని తోటలోకి పదేళ్ల తర్వాత పక్కవాటాదారు గట్టు మీద నుంచి వెళ్లాల్సి వస్తుంది.
- అక్కచెల్లెళ్ల సంతకాలు మరవొద్దు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా హక్కు ఉంది. హక్కు సంగతి అటుంచినా, అమ్మానాన్నల పేరున వేసే తోట గురించి ఆడపిల్లలను అడగకుండా మొదలుపెట్టడం ఏం మర్యాద?
- కొత్తగా బోరు వేయాలన్నా, పాత చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి.

## 2. నేలను, నీటిని చదవడం

ముందు ఊళ్లో వయసు మళ్లినవాళ్లను ఇద్దరిని వెంటబెట్టుకుని స్థలమంతా తిరగండి. ఎవరిని ఎక్కడ మట్టి చేశారో వాళ్లకే తెలుస్తుంది. పైన కట్టడం లేని చోట్లు కూడా ఉంటాయి. అలాంటి ప్రతి చోటా కర్ర పాతి గుడ్డ కట్టండి. ఆ గుర్తులకు పది అడుగుల్లోపు ఎక్కడా గుంత తవ్వకూడదు. ఫలానా చెట్టు ఇక్కడ వద్దని ఇంటి ఆచారం ఏదైనా ఉంటే అదీ ఇప్పుడే అడిగి తెలుసుకోవాలి, గుంత తీశాక కాదు.

తర్వాత నేల సంగతి. రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గుంత తీసి సాయంత్రం నిండా నీళ్లు పోయండి. ఇంకిపోయాక మళ్లీ నింపి తెల్లారి చూడండి.

- తెల్లారేసరికి పొడిగా ఉంటే సమస్య లేదు. మెట్ట, గరువు నేలల్లో ఇలాగే ఉంటుంది.
- అరగంటలోనే మాయమైతే అది ఇసుక నేల. కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానంలో ఎక్కువ. ఇక్కడ గత్తం (పశువుల ఎరువు), చెరువు మట్టి ఎక్కువ వేయాలి. గుంత అడుగున కొబ్బరి డొక్కలు పీచు పైకి ఉండేలా రెండు వరసలు పరిస్తే తడి నిలుస్తుంది.
- తెల్లారినా నీళ్లు నిలిచి ఉంటే అది పల్లం, వరి మడి, లేదా బీల (చిత్తడి) భూమి. ఇక్కడ గుంతలో నాటకూడదు. ఆరడుగుల వెడల్పు, అడుగున్నర నుంచి రెండడుగుల ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటాలి.

విజయనగరం వైపు ఎర్ర నేలల్లో రెండడుగుల కింద గట్టి కంకర పొర తగులుతుంటుంది. కూలివాళ్లు అక్కడికి ఆపేసి గుంత అయిపోయిందంటారు. ఆ పొరను గునపంతో పగలగొట్టకుండా నాటితే వేరు కిందికి దిగదు. మూడేళ్లు బాగానే పెరిగిన చెట్టు నాలుగో ఏడు గాలికి పడిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

పైకి చూడడం కూడా మరవకండి. కరెంటు తీగల కింద పెద్ద చెట్టు వేస్తే ఏటా లైన్‌మన్ వచ్చి నెత్తి నరికి పోతాడు.

## 3. పది సెంట్లకు కొలతలు

పది సెంట్లు అంటే 4,356 చదరపు అడుగులు, సరిగ్గా 66 అడుగుల చదరం. ఎక్కువ స్థలమున్నా మొదట పది సెంట్లతోనే మొదలుపెట్టండి. ఒక మనిషి చూసుకోగలిగేది అంతే.

కావలసినవి నైలాన్ తాడు, కొలత టేపు, వెదురు పుల్లలు, ముగ్గు.

1. నాలుగు మూలల్లో పుల్లలు పాతి తాడు లాగండి.
2. గట్టు నుంచి మూడడుగులు లోపలికి జీవకంచె గీత గీయండి. గట్టు మీదే కంచె వేస్తే పక్క రైతుతో మొదటి మాట అక్కడే వస్తుంది.
3. తూర్పు వైపు, లేదా దారి ఎటుంటే అటు, 12 అడుగుల గేటు జాగా వదలండి. మనుషులకు నాలుగడుగులు చాలు గానీ, నీళ్ల డ్రమ్ములతో ట్రాక్టరు లోపలికి రావాలి.
4. ప్రతి మూలా రెండు గట్ల నుంచీ 15 అడుగులు లోపలికి కొలిచి గుర్తు పెట్టండి. పెద్ద చెట్లకు ఇవే నాలుగు స్థానాలు. వాటి మధ్య దూరం 36 అడుగులు వస్తుంది. అంత లోపలికి ఉంటే పక్క వరి మీద నీడ తక్కువ పడుతుంది.
5. సరిగ్గా నడిమధ్య 8 అడుగుల చదరం అరుగుకు వదలండి. ఇక్కడి నుంచి ఏ పెద్ద చెట్టయినా 25 అడుగుల దూరంలో ఉంటుంది కాబట్టి వేర్లు పునాదిని ఎత్తవు.
6. గేటు నుంచి అరుగుకు ఆరడుగుల బాట. దానికి రెండు పక్కలా మూడడుగులు వదిలి పూలమొక్కలు.

స్థలంలో ముందే సమాధి ఉంటే లెక్క తిరగేయాలి. సమాధిని నడిమధ్య అనుకుని అక్కడి నుంచి కొలవండి. పెద్ద చెట్టు ఏదీ 20 అడుగుల కంటే దగ్గరికి రాకూడదు.

## 4. ఏ చెట్టు ఎక్కడ

మధ్యాహ్నం ఎండ పడమటి నుంచి కాస్తుంది. అందుకని నీడనిచ్చే దట్టమైన చెట్లు పడమటి రెండు స్థానాల్లో, పలచని చెట్లు తూర్పు రెండు స్థానాల్లో.

పడమర: ఒక మామిడి, ఒక పొగడ. మామిడిలో సువర్ణరేఖ మన ప్రాంతపు రకం, అంటు మొక్కే తీసుకోండి. పొగడ మెల్లగా పెరుగుతుంది, గాలికి తట్టుకుంటుంది, ఏడాది పొడవునా ఆకుతో ఉంటుంది.

తూర్పు: ఒక ఉసిరి, ఒక సంపెంగ. సంపెంగకు నీళ్లు నిలిస్తే పడదు, కొమ్మలు పెళుసు. పల్లపు నేలయితే దాని బదులు కానుగ గానీ కదంబం గానీ వేసుకోండి. సముద్రానికి దగ్గరైతే పొన్న వేయండి. ఉప్పుగాలిని ఓర్చుకుంటుంది, తెల్లటి పూలు, మంచి వాసన.

గట్టు వెంట: తాటి. దీనికి మొక్క కొనకూడదు, టెంక పాతాలి. శ్రావణ భాద్రపదాల్లో పండు రాలగానే తాజా టెంకలు పదేసి అడుగుల దూరంలో, చోటికి రెండు చొప్పున, జానెడు లోతున పాతండి. మొదటి మొలక నేరుగా లోపలికి దిగుతుంది కాబట్టి పెకిలించి ఇంకోచోట నాటితే బతకదు. ఆకు పైకి రావడానికి నెలలు పడుతుంది, పక్కన కర్ర పాతి ఉంచండి. ఇంకో మాట, ఊరి పిల్లలకు చెప్పి పెట్టండి, లేకపోతే సంక్రాంతికి తేగలని తవ్వుకుపోతారు.

బాట పక్కన: నందివర్ధనం ఆరు, పక్కకు మూడు చొప్పున, ఆరేసి అడుగుల దూరంలో. అరుగుకు పది అడుగుల దూరంలో పారిజాతం రెండు. ఎండ బాగా పడే చోట మల్లె నాలుగు.

కంచెకు: వాక్కాయ. ముళ్లుంటాయి, మేక ముట్టదు, కాయ పచ్చడికి పనికొస్తుంది. మూడడుగులకు ఒకటి. గేటు తీసేస్తే కంచె గీత 228 అడుగులు, అంటే 76 మొక్కలు. చచ్చిపోయేవాటికి కలుపుకొని 85 తెచ్చుకోండి.

పూలు ఏడాదంతా తెగకుండా ఉండేలా ఈ జాబితా కుదిరింది. వేసవిలో మల్లె, పొగడ. వానల్లో సంపెంగ. మహాలయ పక్షం నాటికి పారిజాతం. పండగకు బంతి, చామంతి. నందివర్ధనం ఎప్పుడూ ఉంటుంది.

వద్దన్నవి కూడా చెప్పుకోవాలి.

- రావి, మర్రి: పది సెంట్లకు సరిపోవు. వేయాలనే ఉంటే బావికి, సమాధికి 50 అడుగులకు తగ్గకుండా, విడిగా ఇంకోచోట.
- గన్నేరు, పచ్చగన్నేరు: చూడ్డానికి బాగుంటాయి గానీ ఆకు నుంచి గింజ దాకా విషం. పశువులు మేసే వైపు అసలే వద్దు.
- తురాయి: పూత చూసి మోజు పడతారు. తుపానుకు మొదట పడేది అదే.
- పనస: మందస, వజ్రపుకొత్తూరు వైపు అరుగు దగ్గర వేయకండి. పండు వాసనకు ఎలుగుబంట్లు వస్తాయి. అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు, బయట పెరిగిన పిల్లలకు చెప్పాలి.

## 5. వేసవి పని: గుంతలు, దడి

ఏప్రిల్, మే నెలల్లో గుంతలు తీసి కనీసం 15 రోజులు ఎండనివ్వాలి. పురుగు గుడ్లు, తెగులు బీజాలు చాలావరకు ఆ ఎండకు పోతాయి.

- పెద్ద చెట్లకు మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు.
- పూలమొక్కలకు అడుగున్నర.
- కంచెకు విడి గుంతలు కాకుండా అడుగు వెడల్పు, అడుగు లోతు కాలువలా తవ్వితే పని తేలిక.

తవ్వేటప్పుడు పై అడుగు మట్టిని ఒక పక్క, కింది మట్టిని ఇంకో పక్క పోయించండి. దగ్గరుండి చూసుకోవాల్సిన పని ఇది, చెప్పి వెళ్లిపోతే రెండూ కలిపేస్తారు. పూడ్చేటప్పుడు పైమట్టి అడుగుకు పోవాలి.

పెద్ద గుంత ఒక్కోదానికి కలపాల్సినవి:

- బాగా మాగిన గత్తం 40 కిలోలు
- సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కిలోన్నర నుంచి రెండు కిలోలు
- వేపపిండి కిలో. ఎర్ర నేలల్లో చెదలు ఎక్కువ కాబట్టి అక్కడ రెండు కిలోలు

గత్తం మాగిందో లేదో చేత్తో చూడండి. పిడికిట్లో పట్టి నలిపితే పొడిలా రాలాలి, పేడ వాసన రాకూడదు, వేడిగా ఉండకూడదు. పచ్చి పేడ వేస్తే వేరు ఉడికిపోతుంది, చెదలకు పిలిచి అన్నం పెట్టినట్టూ అవుతుంది.

గుంతను నేలమట్టానికి అర అడుగు ఎత్తుగా పూడ్చండి. రెండు వానలకు దిగుతుంది. నడిమధ్య పుల్ల గుచ్చి ఉంచితే నాటే రోజు వెతుక్కోనక్కర్లేదు.

వాక్కాయ కంచె పశువును ఆపే స్థాయికి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోగా వరి కోతలు కాగానే ఊరి పశువులన్నీ పొలాల్లోకి వస్తాయి, తొలకరి దాకా అడ్డూ అదుపూ ఉండదు. కాబట్టి నవంబరు చివరికల్లా వెదురు బొంగులు పాతి తాటి మట్టలతో నాలుగడుగుల ఎత్తు దడి కట్టించాలి. ఏటా ఒకసారి మట్టలు మార్చాలి. ఈ ఖర్చు దండగనుకుని మానేసిన చోట ఒక్క మంద ఒక్క పూటలో రెండేళ్ల పని మేసేస్తుంది.

## 6. మొక్క కొనడం, నాటడం

కడియం నర్సరీల నుంచి లారీల మీద వచ్చే మొక్కలు పచ్చగా నిగనిగలాడుతుంటాయి. ఆకు చూసి కొనకండి, సంచి అడుగు చూడండి.

- అడుగు రంధ్రాల్లోంచి బొటనవేలంత వేర్లు బయటికి వచ్చి ఉంటే అది ముదిరిన మొక్క. లోపల వేరు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. వద్దు.
- చిన్న సంచిలో ఆరడుగుల మొక్క కంటే రెండు మూడడుగుల మొక్క త్వరగా కుదురుకుంటుంది.
- అంటు మొక్కలో అతుకు గట్టిగా, నునుపుగా ఉండాలి. ప్లాస్టిక్ టేపు ఇంకా ఉంటే తీసేయించండి.
- తెచ్చాక వారం పది రోజులు ఊళ్లోనే చెట్టు నీడన ఉంచి అప్పుడు నాటండి.

జూన్ మధ్య నుంచి జూలై చివరి దాకా, రెండు మంచి వానలు పడి నేల అడుగు లోతు తడిశాక నాటాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో నాటిన మొక్కకు వేరు పట్టకముందే తుపాను వస్తుంది.

నాటే క్రమం:

1. సాయంత్రం పూట మొదలుపెట్టండి. సంచితో పాటు మొక్కను బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచండి.
2. పుల్ల ఉన్నచోట మట్టిగడ్డ పట్టేంత గొయ్యి తీయండి, అంతకంటే లోతు వద్దు.
3. బ్లేడుతో సంచిని పక్క నుంచి కోసి తీసేయండి. మట్టిగడ్డ చెదరకూడదు. అడుగున చుట్టుకున్న వేర్లుంటే కత్తిరించండి.
4. మొక్కను నిలబెట్టి చూడండి. మట్టిగడ్డ పైభాగం నేలతో సమానంగా ఉండాలి. అంటు అతుకు నేలకు అర అడుగు పైన ఉండాలి.
5. మట్టి నింపుతూ అరచేతులతో అదమండి. కాలితో తొక్కితే మట్టిగడ్డ పగిలి సన్నవేర్లు తెగుతాయి.
6. గాలి వచ్చే వైపు మొక్కకు జానెడు దూరంలో కర్ర పాతండి. గోనె పీలికతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. మొక్క కాస్త ఊగాలి, ఊగితేనే కాండం గట్టిపడుతుంది.
7. రెండడుగుల వెడల్పు పాదు చేసి ఒక బకెట్ నీళ్లు పోయండి, వాన పడుతున్నా సరే.
8. పాదులో మూడు నాలుగు అంగుళాల మందాన వరిగడ్డి పరచండి. కాండానికి నాలుగు వేళ్ల దూరం ఖాళీ వదలండి.

## 7. నీళ్ల లెక్క

మొదటి వేసవిలో ఒక్కో తడికి పెద్ద చెట్టుకు 20 లీటర్లు, పూలమొక్కకు 8, కంచె మొక్కకు 3 లీటర్లు కావాలి. మన పది సెంట్లకు లెక్క వేస్తే:

- పెద్ద చెట్లు 4 × 20 = 80
- పూలమొక్కలు 12 × 8 = 96
- కంచె 76 × 3 = 228

మొత్తం 404 లీటర్లు. అంటే 200 లీటర్ల డ్రమ్ములు రెండు, వారానికి రెండుసార్లు, మార్చి నుంచి జూన్ మధ్య దాకా సుమారు 30 తడులు. ఊళ్లో మనిషితో మాట్లాడుకునేటప్పుడు నెల జీతం అని కాకుండా తడికి ఇంత అని మాట్లాడుకోండి. పోసినరోజు ఫొటో పంపమనండి, లెక్క ఇద్దరికీ తేటగా ఉంటుంది.

ఇంత కుదరకపోతే మొదటి ఏడు కంచె మానేసి దడితోనే సరిపెట్టుకోండి. సగం నీళ్లు మిగులుతాయి. నాలుగు చెట్లు, పన్నెండు మొక్కలు బతికితే కంచె వచ్చే ఏడు వేసుకోవచ్చు.

పెద్ద చెట్లకు కుండ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఎనిమిది పది లీటర్ల మట్టికుండ, రంగు వేయనిది, మొక్కకు అడుగున్నర దూరంలో మెడదాకా పాతి నీళ్లు నింపి మూత పెట్టండి. నీరు గోడల్లోంచి మెల్లగా ఊరుతుంది. ఐదారు రోజులకోసారి నింపితే చాలు. మూత లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి, కప్పలు పడి చస్తాయి.

రోజూ చెంబుడు పోసే అలవాటు మాన్పించండి. పైపైన తడిస్తే వేరు పైనే తిరుగుతుంది, ఒక్కవారం నీళ్లు ఆగితే వాడిపోతుంది. రెండో వేసవిలో వారానికి ఒక తడి, మూడో వేసవిలో రెండు వారాలకు ఒకటి. ఆ తర్వాత పెద్ద చెట్లు వాటి దారి అవి చూసుకుంటాయి.

## 8. సమాధి, అరుగు, రాయి

పాత సమాధులు చాలావరకు సున్నం, ఇటుకతో కట్టినవి. పగుళ్లు కనబడగానే సిమెంటు పూయించడం ఎక్కువమంది చేసే పని. లోపలి తేమ సిమెంటు పొర దాటి బయటికి రాలేదు. ఇటుక లోపలే నాని, రెండు మూడు వానాకాలాలకు పూత పెచ్చులు పెచ్చులుగా ఇటుకతో సహా ఊడుతుంది. సున్నపు కట్టడానికి సున్నమే వాడాలి: ఒక పాలు నానిన సున్నం, రెండు మూడు పాళ్లు జల్లించిన ఇసుక. సిమెంటుతో కట్టినదైతే ఒకటికి నాలుగు సిమెంటు పూత సరే.

గోడ పగుల్లో మొలిచిన రావి మొక్కను కోసేస్తే సరిపోదు, మళ్లీ రెండింతలుగా చిగురిస్తుంది. వానాకాలంలో పగులు నానినప్పుడు, వేలెడంత ఉండగానే, వేరుతో సహా లాగి పగులును సున్నంతో పూడ్చండి.

పండగకు వెల్ల వేయడానికి కిలో రాతి సున్నానికి ఐదు లీటర్ల నీళ్లు. నీళ్లలో సున్నం కొద్దికొద్దిగా వేయాలి, సున్నం మీద నీళ్లు గుమ్మరిస్తే చిమ్మి కళ్లల్లో పడుతుంది. ఇనుప డబ్బానే వాడండి, వేడికి ప్లాస్టిక్ వంగిపోతుంది. ఒక రోజంతా నానాక గుడ్డలో వడగట్టి, ఉడికించిన బియ్యపు గంజి గానీ తుమ్మ జిగురు గానీ, చిటికెడు నీలిమందు కలిపి పలచగా రెండు మూడు పూతలు వేయండి. చిక్కగా ఒక్క పూత వేస్తే అరచేతికి అంటుకుంటుంది.

అరుగుకు అడుగున్నర ఎత్తు చాలు, పెద్దవాళ్లు కాళ్లు దించి కూర్చోవాలి కదా. పైభాగం ఒక వైపుకి అంగుళం వాలు ఉండాలి.

పేర్ల రాయి టెక్కలి వైపు దొరికే నీలి గ్రానైట్‌లో చేయిస్తే తరాలు నిలుస్తుంది. మూడడుగుల ఎత్తు, మూడు అంగుళాల మందం, కింది భాగం కాంక్రీటులో పాతాలి. అక్షరాలు చెక్కించాలి, రంగుతో రాయిస్తే నాలుగు ఎండలకు పోతాయి.

- చెక్కే ముందు పేర్లు కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ చూపించండి.
- మగవాళ్ల పేర్ల పక్కన ఆడవాళ్ల పేర్లు కూడా ఉండాలి. ముత్తమ్మ పేరు తెలిసినవాళ్లు ఉండగానే అడగండి.
- ఇక ముందు చేర్చాల్సిన పేర్లకు కింద మూడో వంతు ఖాళీ వదలండి.
- చెట్టుకు మేకు కొట్టి పలక తగిలించొద్దు.

## 9. పెద్ద పండగ నాటికి బంతి పూయాలంటే

పెద్దలకు బట్టలు పెట్టుకునే రోజున తోటలో పూసిన బంతే మాల కట్టాలంటే వెనక్కి లెక్క వేయాలి. పండగ జనవరి 14, 15. నాటిన మొక్క పూతకు రావడానికి 55 నుంచి 65 రోజులు, నారుకు 25 నుంచి 28 రోజులు. కాబట్టి అక్టోబరు మొదటి వారంలో నారు పోయాలి, నవంబరు మొదటి వారం దాటకుండా నాటాలి.

అక్టోబరు తుపాను నెల. నారు నేలలో కాకుండా ట్రేల్లోనో తట్టల్లోనో పోసి వాన పడితే చూరు కిందికి జరపండి. వారం తర్వాత రెండో విడత కూడా పోసి ఉంచితే నిశ్చింత.

నాలుగడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు మడి చేసి రెండు తట్టల గత్తం కలపండి. అడుగున్నరకు ఒకటి చొప్పున 26 మొక్కలు పడతాయి. తల తుంచితే కొమ్మలు ఎక్కువ వస్తాయి గానీ పూత వారం పది రోజులు వెనకబడుతుంది. ఇంకా ముందుగా నారు పోసి అక్టోబరు 25 లోపు నాటిన మొక్కలకే తుంచండి.

చామంతి లెక్క వేరు. కిందటేటి పిలకలు జూలైలో నాటి నెలకు తల తుంచాలి. పొద్దు కురచయ్యే కాలంలోనే మొగ్గ కడుతుంది. దగ్గర్లో వీధి దీపం రాత్రంతా వెలుగుతుంటే పూత ఆలస్యమవుతుంది, అటు పక్క నాటకండి.

మల్లెకు పండగ వెళ్లగానే పని. ఒకటిన్నర అడుగుల ఎత్తుకు కత్తిరించి, ఆకు దూసి, పాదు తవ్వి గత్తం వేసి నీళ్లు పెడితే మార్చి నుంచి పూలు.

## 10. తుపానుకు ముందు, తర్వాత

2018 అక్టోబరులో తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. 2021లో గులాబ్ సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గర తీరం దాటింది. కాబట్టి సిద్ధం కావడం సెప్టెంబరు మొదటి వారంలోనే అయిపోవాలి. తుపాను కన్ను దాటే కొద్దీ గాలి దిక్కు మారుతుంది, ఒక్క వైపు ఊతం చాలదు.

సెప్టెంబరు జాబితా:

- గుబురు కొమ్మల్లో అడ్డదిడ్డంగా ఉన్నవి తీసి గాలి దూరేలా చేయండి. మొత్తం కొమ్మల్లో మూడో వంతుకు మించి కొట్టొద్దు.
- మొక్కల కట్లు చూడండి, కాండంలోకి దిగుతుంటే వదులు చేయండి. పెద్ద మొక్కలకు మూడు వైపులా ఊతం ఇవ్వండి.
- నీళ్లు గెడ్డ (వాగు)లోకో పక్క కాలువలోకో పోయే దారి బాగుచేయండి.

తుపాను వెలిశాక మొదటి రెండు మూడు రోజులే కీలకం. ఒరిగిన చిన్న చెట్టు వేరుకు వెంటనే తడి గోనె కప్పండి. కొమ్మలు సగం దాకా తగ్గించి, వేరు కింద మట్టి తీసి మెల్లగా లేపి, మూడు వైపులా తాళ్లు కట్టండి. తాడు కాండానికి ఒరుసుకోకుండా సైకిల్ ట్యూబు ముక్క వేయాలి. ఆ తాళ్లు ఏడాది దాకా తీయొద్దు.

విరిగిన కొమ్మను నునుపుగా కోసి బోర్డో ముద్ద పూయండి: మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు, నీళ్లు లీటరు. విడివిడిగా మట్టి లేదా ప్లాస్టిక్ పాత్రల్లో కరిగించి కలపాలి, ఇనుము పనికిరాదు.

ఉప్పుగాలికి ఆకు మాడినా చెట్టు చచ్చిందనుకోకండి. మంచినీళ్లతో కడిగి నెలా నెలన్నర ఆగండి. గోటితో బెరడు గీకితే కింద పచ్చగా ఉంటే బతికే ఉంది.

## 11. తరచూ వచ్చే ఇబ్బందులు

అంటు మామిడి కింద నుంచి వేరే చిగురు వస్తోంది. అతుకు కింద వచ్చేదంతా నాటు మొక్కది. కనబడగానే వేలితో ఎప్పటికప్పుడు గిల్లేయండి. వదిలేస్తే రెండేళ్లలో అంటు చచ్చి నాటు మిగులుతుంది.

కాండం మీద మట్టి గొట్టాలు కనబడుతున్నాయి. చెదలు. గొట్టాలు గీకి పాదులో కిలో వేపపిండి కలిపి నీళ్లు పెట్టండి. ఎండిన గడ్డి కాండానికి తగలకుండా జరపండి.

పొగడ రెండేళ్లయినా ఎదగలేదు. దాని స్వభావమే అంత. ఆకు పచ్చగా ఉంటే పీకి ఇంకోటి పెట్టకండి.

స్థలంలో ముందే ఉన్న కొబ్బరి మొవ్వాకు కత్తెరతో కత్తిరించినట్టు విచ్చుకుంటోంది. కొమ్ము పురుగు. ఇనుప కొక్కెంతో రంధ్రంలోంచి లాగేసి, మొవ్వు చుట్టూ ఆకు మొదళ్లలో ఇసుక, వేపపిండి కలిపి వేయండి. దగ్గర్లో పెంటపోగు ఉంటే పురుగు అక్కడే పెరుగుతోంది, తిరగేసి చూడండి.

చెట్టు చుట్టూ సిమెంటు దిమ్మ కట్టించారు. కాండానికి మూడడుగుల దూరం దాకా పగలగొట్టించండి. కూర్చోవడానికి నడుమ అరుగు ఉంది కదా.

వేసవిలో పక్క పొలం కొయ్యలకు పెట్టిన నిప్పు వచ్చి అంటుకుంది. ఫిబ్రవరిలోనే కంచె చుట్టూ ఆరడుగుల మేర గడ్డి చెక్కించి శుభ్రంగా ఉంచాలి. కాలిన మొక్కను వెంటనే పీకొద్దు, నీళ్లు పెడుతూ తొలకరి దాకా చూడండి. వాక్కాయ, ఉసిరి మొదలు నుంచి మళ్లీ చిగురించే అవకాశం ఉంది. అంటు మామిడి అతుకు కింద నుంచి చిగిర్చిందంటే మాత్రం తీసేసి, గుంత మళ్లీ ఎండబెట్టి జూన్‌లో కొత్తది నాటుకోవాలి.